లాభాల్లో ఉన్న కంపెనీకి దివాలా ఏంటి?

గుంటూరు కారం:
జాన్సన్ అండ్ జాన్సన్ బేబీ పౌడర్ వల్ల క్యాన్సర్ వచ్చిందని అమెరికాలో వేసిన కేసుల్లో దివాలా అని చదివాను. అంత డబ్బున్నవాళ్లకి కోర్టు ఎలా ఒప్పుకుందండీ?

లా పాయింట్:
దివాలా పిటిషన్ వేసింది అసలు కంపెనీ కాదండీ. టెక్సాస్ చట్టం ప్రకారం ఒక కంపెనీని రెండుగా చీల్చి, ఆస్తులు ఒకదానికి, కేసులు ఇంకోదానికి రాయొచ్చు. 2021 అక్టోబరులో అలా పుట్టిందే ఎల్‌టీఎల్ మేనేజ్‌మెంట్. క్యాన్సర్ కేసులన్నీ దాని నెత్తిన పెట్టి, రెండు రోజుల్లో నార్త్ కరోలినాలో చాప్టర్ 11 (అమెరికా దివాలా చట్టంలో కంపెనీ నడుస్తూనే బాకీలు సర్దుకునే పద్ధతి) పిటిషన్ వేశారు. పిటిషన్ పడగానే విచారణలు ఆగిపోతాయి. ఆ స్టే మాతృసంస్థకీ వర్తించింది, అసలు లాభం అదీ! (పౌడర్ సురక్షితమనే కంపెనీ వాదన.)

పాత ఫైలు:
బెడిసికొట్టింది కూడా అక్కడే. చీల్చినప్పుడు మాతృసంస్థ సుమారు 6,150 కోట్ల డాలర్ల దాకా నిధుల హామీ ఇచ్చింది. ఇవ్వకపోతే, డబ్బు రావాల్సినవాళ్లకి ఎగ్గొట్టడానికి చేసిన ఆస్తుల బదిలీ అని సవాలు చేస్తారు. ఇచ్చింది కాబట్టి, ఇంత అండ ఉన్నదానికి ఇబ్బందేంటని 2023 జనవరిలో అప్పీలు కోర్టు కాదంది. ఏప్రిల్‌లో కొట్టేసిన రెండు గంటలకే మళ్లీ వేశారు, జులైలో అదీ పోయింది. 2024లో రెడ్ రివర్ టాల్క్ పేరుతో హ్యూస్టన్‌లో మూడోసారి. బాధితుల ఓట్ల సేకరణలో లోపాలున్నాయని 2025 మార్చి 31న తోసిపుచ్చారు.

గుంటూరు కారం:
అంటే మూడుసార్లూ ఓడారన్నమాట?

లా పాయింట్:
కాగితం మీద ఓడారు. ఈలోగా చాలా విచారణలు ఏళ్లకేళ్లు ఆగాయి. క్యాన్సర్ రోగి అంతకాలం ఆగగలరా?