అప్‌డేట్: పికప్‌లో టిక్ టిక్ శబ్దం పోయింది, హెడర్స్ వేయించాను

చలిగా ఉన్న పొద్దున స్టార్ట్ చేస్తే నా వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) పికప్ ట్రక్కులో టిక్ టిక్‌మని శబ్దం వస్తోందని, ఇంజిన్ వేడెక్కాక తగ్గిపోతోందని రెండు నెలల క్రితం అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగను బయటికి తీసుకెళ్లే భాగం) బోల్టులు చూడమన్నవారి మాటే నిజమైంది, అక్కడ పొగ లీకవడం వల్లే ఆ శబ్దం.

ఇక్కడ డాలస్‌లో మెకానిక్ హీట్ షీల్డ్ (వేడిని అడ్డుకునే రేకు) తీయగానే కనిపించింది: కుడివైపు చివరి సిలిండర్ దగ్గర బోల్టుకి తల లేదు, పక్కనే వేలెడంత నల్లటి మసి. మానిఫోల్డ్ కూడా వంగింది, కాబట్టి గాస్కెట్ (జాయింట్ మధ్య ఉండే సీలు) ఒక్కటే మారిస్తే లీకు ఆగేది కాదు. విరిగిన ముక్క మీద నట్టు వెల్డ్ చేసి మెల్లగా తిప్పితే బయటికొచ్చింది. అది వచ్చేదాకా నాకు ఒకటే టెన్షన్.

రెండువైపులా మానిఫోల్డ్‌ల బదులు షార్టీ హెడర్స్ (పొట్టి ఎగ్జాస్ట్ గొట్టాలు) వేయించాను. వీటితో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం) కదిలించే పని లేదు. లాంగ్ ట్యూబ్ (పొడవు గొట్టాల) హెడర్స్ వద్దన్న సలహా చాలా మంచిది. 500 మైళ్లు తిరిగాక, ఇంజిన్ చల్లారినప్పుడు బోల్టులు మళ్లీ బిగించారు. మూడు వదులయ్యాయి, ఈ పని మాత్రం మానకండి.

లిఫ్టర్లు (ఇంజిన్ వాల్వులను కదిపే భాగాలు), చిక్కటి ఆయిల్, స్పార్క్ ప్లగ్‌లకూ నా బండిలోని ఈ శబ్దానికీ సంబంధం లేదు. పవర్ పెరిగినట్టు అనిపించలేదు. క్యాబిన్‌లో పొగ వాసన పోయింది. వెనక సీట్లో మా పాప కూర్చుంటుంది, నాకు అదే ముఖ్యం.