టెక్సాస్ క్లాస్‌రూముల్లో పది ఆజ్ఞల పోస్టర్: పేరెంట్స్ ముందుగా ఏ దారి పట్టాలి?

పబ్లిక్ స్కూళ్లలో ప్రతి క్లాస్‌రూములో పది ఆజ్ఞల పోస్టర్ పెట్టాలనే టెక్సాస్ చట్టం ఎస్.బి. 10 (సెనేట్ బిల్ 10), 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని గురించి ఒక సందేహం. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

చట్టంలో కొలతలు గట్టిగానే రాశారు: కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు, గదిలో ఏ మూలనుంచైనా చదవగలిగేంత అక్షరాలు. దాతలు ఇచ్చే పోస్టర్‌ని బడి కాదనకూడదు, కానీ అందులో అదనంగా ఒక్క ముక్క ఉన్నా చెల్లదు. అంటే అదే షీటు కింద గీతా శ్లోకం చేర్చే వీల్లేదు. పక్కన వేరే ఫ్రేము పెడితే? దాని గురించి చట్టం మాట్లాడదు.

1980లో స్టోన్ వర్సెస్ గ్రాహం కేసులో, సరిగ్గా ఇదే కొలతలో ఉన్న కెంటకీ రాష్ట్ర బడుల పది ఆజ్ఞల పోస్టర్లని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. అవీ చందాలతో కొన్నవే. "డబ్బు ప్రభుత్వానిది కాదు" అనే వాదన అప్పుడే నిలవలేదు. అయితే 2022లో కెన్నెడీ కేసులో (బడి ఫుట్‌బాల్ కోచ్ ప్రార్థన గురించిన కేసు) సుప్రీంకోర్టు, స్టోన్ తీర్పుకు ఆధారమైన లెమన్ పరీక్షను (ప్రభుత్వ చర్య మతాన్ని ప్రోత్సహిస్తోందా అని తేల్చే పాత కొలమానం) పక్కకు నెట్టింది. చిక్కంతా అక్కడే.

పోస్టర్లు ఎవరిచ్చారో తెలుసుకోవడానికి టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ (మన ఆర్టీఐ లాంటిది) కింద స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఈమెయిల్ చాలు. 10 పనిదినాల్లో కాగితాలివ్వాలి, లేదా ఎప్పుడిస్తారో చెప్పాలి.

ఇక ప్రశ్న: ముందు ఈ వివరాలు రాబట్టి స్కూల్ బోర్డు మీటింగ్‌లో మాట్లాడటం మేలా, నేరుగా లెవెల్ వన్ గ్రీవెన్స్ (డిస్ట్రిక్ట్‌కి రాతపూర్వకంగా ఇచ్చే మొదటి మెట్టు ఫిర్యాదు) వేయడం మేలా? పక్క ఫ్రేముకి ఎక్కడైనా డిస్ట్రిక్ట్ ఒప్పుకుందా?