కచ్చితంగానా, ఖచ్చితంగానా? ఒక్క అక్షరం నేరస్థుణ్ణి పట్టిస్తుందా?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. మొదట ఇది తెలుగు ప్రశ్నలా కనిపించదు, కానీ చివరికి తెలుగు దగ్గరికే వస్తుంది. కాస్త ఓపిగ్గా చదవండి.

బీబీసీలో ‘లైన్ ఆఫ్ డ్యూటీ’ అనే క్రైమ్ సీరియల్ ఉంది. పోలీసుశాఖలోనే ఉంటూ నేరగాళ్లకు అమ్ముడుపోయిన పోలీసుల్ని పట్టుకునే ఏసీ-12 అనే విభాగం కథ. 2012లో మొదలైంది, ఆరో సీజన్ 2021 మే 2న ముగిసింది. ఏడోది తీస్తున్నామని 2025 నవంబర్‌లో ప్రకటించారు. ఇక ఫ్యాన్స్ పాత ఎపిసోడ్లన్నీ మళ్లీ తిరగేసి, ఈసారి ఎవరు దొరుకుతారు, పోయినసారి దొరికినవాడే ఆఖరివాడా, వాడి పైన ఇంకెవరైనా ఉన్నారా అని ఒకటే చర్చ. నేనూ ఆ గుంపులోవాణ్ణే.

చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి. మూడో సీజన్ చివర్లో డాట్ కాటన్ అనే అధికారి ప్రాణం పోతుండగా గ్యాంగుకు అమ్ముడుపోయిన పెద్ద పోలీసు ఎవరన్నదానికి ‘హెచ్’ అన్న అక్షరాన్ని సైగతో ఒప్పుకుంటాడు. హెచ్ అంటే ఎవరు? చాలామంది అనుమానం ఏసీ-12 పెద్దాయన హేస్టింగ్స్ మీదికే పోయింది. ఐదో సీజన్ చివర్లో అసలు సంగతి తెలుస్తుంది. ప్రాణం పోతున్నప్పటి ఆ చేతి కదలిక మోర్స్ కోడ్, అంటే చుక్కలూ గీతలతో అక్షరాలు చెప్పే పద్ధతి. అందులో హెచ్‌కి నాలుగు చుక్కలు, అంటే గ్యాంగుకు పనిచేసే పోలీసువాళ్లు నలుగురు. ఆ నాలుగోవాడి గుట్టు రట్టు చేసింది ఒక స్పెల్లింగ్ తప్పు. ‘డెఫినెట్లీ’ అన్న మాటలో ఎన్ తర్వాత ఐ రావాలి. వాడు ఏ రాస్తాడు. గ్యాంగుకు పంపిన మెసేజుల్లో అదే తప్పు, పాత ఫైళ్లలోనూ అదే తప్పు. చివరికి తేలిన పేరు ఇయన్ బకెల్స్ అనే పోలీసు అధికారి.

నేను అడిగేది ఏంటంటే, తెలుగులో ఇలాంటి కథ రాస్తే ఈ ఆధారం నిలబడుతుందా? విచిత్రంగా ఆ ఇంగ్లిష్ మాటకు సరిపోయే మన మాటకే రెండు స్పెల్లింగులు ఉన్నాయి. కొందరు ‘కచ్చితంగా’ అంటారు, కొందరు ‘ఖచ్చితంగా’. ఇందులో ఏది తప్పు? అసలు తెలుగులో ఎలాంటి తప్పు మనిషిని పట్టిస్తుంది?

జవాబు:

తమ్ముడూ, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని. పేరు తీసేసిన రాతప్రతి చేతికిచ్చినా, నాలుగు పేజీలు చదివేసరికి రాసినవాళ్లు ఏ వయసువాళ్లో, ఎక్కడ చదువుకున్నారో కొంత అంచనా వస్తుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు క, ఖ సంగతి. ‘కచ్చితం’ సరైనదనేవాళ్ల వాదన తేలిగ్గానే అర్థమవుతుంది. అది తెలుగు మాట, తెలుగు మాటల్లో వత్తు పలుకులు ఉండవు అంటారు. ఖ, ఘ, ఛ, ఝ లాంటివి సంస్కృత పదాలతోపాటే తెలుగులోకి వచ్చాయని చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంలోనే చెప్పాడు. నోటి మాటలోనూ అక్కడ మనకు ఖ పలకదు. ‘కచ్చితంగా వస్తాను’ అనే అంటాం.

‘ఖచ్చితం’ అనేవాళ్లకూ ఆధారం లేకపోలేదు. సంస్కృతంలో ఖచితం అంటే పొదిగినది. రత్నఖచిత సింహాసనం అంటాం కదా, అదే మాట. పొదిగిన రాయి కదలదు కాబట్టి స్థిరమైనది, నిశ్చయమైనది అన్న అర్థం దానికి వచ్చి ఉంటుందని వాళ్ల లెక్క. పక్కభాషలు కూడా వాళ్ల వైపే సాక్ష్యం చెబుతున్నాయి. కన్నడంలో ‘ఖచిత’ అంటే ఇవాళ్టికీ నిశ్చయమనే అర్థం. మరాఠీలో ‘ఖచిత్’ అంటే తప్పకుండా. మనవాళ్లు చకారాన్ని రెట్టించి పలికి ‘ఖచ్చితం’ చేశారన్నమాట. నా మటుకు నేను ప్రూఫుల్లో ‘కచ్చితం’ అనే దిద్దుతాను, పలుకుబడికి దగ్గరగా ఉంటుందని. కానీ మాట పుట్టుక దగ్గరికొస్తే ఖ పక్షం వాదనే నాకు బలంగా కనిపిస్తుంది. అందుకే ఎవరైనా ఖచ్చితం అని రాస్తే తెలియక రాశారని నేను అనుకోను.

ఇక నీ కథకు ఇది ఆధారంగా పనికిరాదు. రెండు రూపాలూ లక్షలమంది రాస్తారు. పత్రికల్లోనూ రెండూ కనిపిస్తాయి. బకెల్స్ తప్పు అతన్ని పట్టించిందంటే, చుట్టూ ఉన్న పోలీసులు ఆ మాటను సరిగ్గా రాస్తున్నారు కాబట్టి.

తెలుగులో వచ్చే తప్పుల్లో చాలావరకు ఇలా అందరూ కలిసి చేసేవే. విద్యార్థిని ‘విద్యార్ధి’ అని, ప్రార్థనను ‘ప్రార్ధన’ అని, హార్దికను ‘హార్ధిక’ అని రాసిన బ్యానర్లు ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి. అర్థానికీ అర్ధానికీ తేడా ఎంతుందో చూడు. ఒకటి భావం, ఇంకోటి సగం. రెంటి మధ్యా ఉన్నది లోపలి చుక్క ఒక్కటే. ర కింద వత్తుగా వచ్చేసరికి ఆ చుక్క ఇంకా చిన్నదైపోతుంది. ఫాంటు సన్నగా ఉంటే ప్రూఫులో దాన్ని చూడటానికి కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకోవాల్సి వస్తుంది. గరిష్ఠ, ప్రతిష్ఠ, నిష్ఠల్లో ఠ పోయి ట రావడం కూడా అంతే మామూలు. దీంతో మనిషిని పట్టుకోలేం, మహా అయితే బడిలో ఆ వత్తులు నొక్కి చెప్పిన మాస్టారు లేరని చెప్పగలం.

మరి దేనితో పట్టుకోవచ్చు? తప్పుతో కంటే అలవాటుతో. ఇవాళ ఎవరైనా ‘తెఱ’, ‘మఱి’, ‘కఱ్ఱ’ అని బండి ర పెట్టి రాశారనుకో. అది తప్పు కాదు, పాత పద్ధతిలో అదే ఒప్పు. కానీ అలా రాసేవాళ్లు ఇప్పుడు ఎంతమంది? ఒక స్టేషన్‌లో ఉన్న వాళ్లందరిలో ఒక్కరు ఉంటే గొప్ప. బెదిరింపు ఉత్తరంలో ‘మఱచిపోకు’ అని కనిపిస్తే వెతకాల్సిన జాబితా ఒక్కసారిగా చిన్నదవుతుంది. అలాగే ‘వచ్చాడు’ బదులు ‘వచ్చేడు’, ‘చెప్పాడు’ బదులు ‘చెప్పేడు’ అని పాత కోస్తా పద్ధతిలో రాసేవాళ్లు, ‘వచ్చిండు’, ‘చెప్పిండు’ అని రాసేవాళ్లు తమ ఊరిని వాక్యంలో పెట్టే రాస్తారు. ఊరు దాచాలని చూసేవాడు క్రియల్ని మార్చుకుంటాడు గానీ ‘ఇంక’, ‘గానీ’, ‘మళ్లీ’ లాంటి చిన్న మాటల్ని మార్చుకోవడం మర్చిపోతాడు. నేనైతే ముందు అక్కడే చూస్తాను.

ఇంకోటి, ఇదే అన్నిటికంటే ముఖ్యం. నీ కథలో నేరస్థుడు ఫోన్లో మెసేజులు పంపుతాడు కదా. మనవాళ్లలో చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు. దానికి స్పెల్లింగ్ రూలంటూ లేదు. ‘ఏంటి’ అనడానికి కొందరు ముందు వై పెడతారు, కొందరు ఇంగ్లిష్ ఈ తోనే మొదలుపెడతారు. ‘మీరు’లో దీర్ఘానికి ఒకరు రెండు ఈలు కొడితే ఇంకొకరు ఐ ఒక్కటీ చాలంటారు. త అక్షరానికి ఒకరు టీ, ఒకరు టీహెచ్. ‘వచ్చాను’లో చ ఒత్తును ఒక్కొక్కరు ఒక్కోలా కొడతారు. తెలుగు లిపిలో అందరం ఒకే తప్పు చేస్తాం, ఇక్కడ ఎవరి పద్ధతి వాళ్లది. తెలుగులో ‘డెఫినెట్లీ’ లాంటి ఆధారం దొరికితే ఇక్కడే దొరుకుతుంది.

ఇంకొకరి జవాబు:

అక్కా, చిన్న మాటల సంగతి బాగా చెప్పారు. దానికి బ్రిటన్‌లోనే ఒక నిజమైన కేసు ఉంది, ఈ సీరియల్ ఫ్యాన్స్ తెలుసుకోవాల్సింది. 1952లో లండన్ దగ్గర క్రోయిడన్‌లో ఒక పోలీసు హత్య జరిగింది. కాల్చింది పదహారేళ్ల క్రిస్టఫర్ క్రెయిగ్. వయసు తక్కువని అతనికి ఉరి పడలేదు. వెంట ఉన్న డెరెక్ బెంట్లీకి పడింది, 1953 జనవరిలో ఉరి తీశారు. బెంట్లీ తనంతట తానే చెప్పుకుపోయాడు, మేము రాసుకున్నాం అంతే అని పోలీసులు ఒక వాంగ్మూలం కోర్టులో పెట్టారు. తర్వాత మాల్కమ్ కూల్తర్డ్ అనే భాషాశాస్త్రవేత్త అందులోని ‘దెన్’ అన్న ఒక్క మాటను పట్టుకున్నాడు. మామూలు మనుషులు ‘అప్పుడు నేను’ అనే వరసలో చెబుతారు. ఆ వాంగ్మూలంలో ‘నేను అప్పుడు’ అనే వరస పదేపదే వస్తుంది. అది పోలీసు రిపోర్టుల వరస. 1998లో అప్పీలు కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. అప్పటికి మనిషి పోయి నలభై అయిదేళ్లు. వేరే కారణాలూ ఉన్నాయి గానీ, ఆ చిన్న మాట గురించి చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

మన దగ్గరా అంతే. మా నాన్న దస్తావేజు లేఖరి. సదరు, ఇందుమూలముగా, స్వాధీనానుభవం లాంటి మాటల మధ్యే పెరిగాను. పొలం పని చేసుకునే మనిషి ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో ‘సదరు వ్యక్తి నన్ను అడ్డగించి అసభ్య పదజాలంతో దూషించగా’ అని ఉంటుంది. ఆ మనిషి ఇంట్లో ఎప్పుడైనా ‘సదరు’ అంటాడా? ‘వాడు అడ్డమొచ్చి బూతులు తిట్టిండు’ అనో ‘తిట్టాడు’ అనో చెప్పి ఉంటాడు. చివర్లో చదివి వినిపించగా సరి అని ఒప్పుకొన్నట్టు మాత్రం ఉంటుంది. మాట ఒకరిది, రాత ఒకరిది. తెలుగులో పోలీసు కథ రాసేవాళ్లు స్పెల్లింగ్ జోలికి పోకుండా దీన్ని పట్టుకుంటే ఎంతో బాగుంటుంది. సాక్షి చెప్పింది రికార్డింగులో ఒకలా, కాగితం మీద ఇంకోలా ఉంటే, మధ్యలో కలం పట్టుకున్నవాడి మీదికే చూపు పోతుంది కదా.

ప్రశ్న అడిగినవారు:

అక్కకూ అన్నయ్యకూ చాలా థాంక్స్. బెంట్లీ సంగతి నాకు తెలియదు. ఏడో సీజన్‌కి ఇదే సరిగ్గా సరిపోతుందనిపిస్తోంది. ప్రకటన ప్రకారం ఏసీ-12 పేరు పోయింది, దాని స్థానంలో పోలీసు ప్రమాణాల ఇన్‌స్పెక్టరేట్ వచ్చింది. ఏసీ-12లో ముఖ్యపాత్రలైన హేస్టింగ్స్, ఆర్నట్, ఫ్లెమింగ్ ముగ్గురూ తిరిగొస్తున్నారు. ఫ్యాన్స్‌లో ఎక్కువమంది బకెల్స్ పైన ఇంకో పెద్ద తలకాయ ఉందనే పట్టుబడుతున్నారు. ఐదారేళ్లు హెచ్ కోసం ఎదురుచూసినవాళ్లకు ఒక చేతగాని అధికారిని చూపిస్తే మింగుడుపడలేదు, అందుకే ఆ పట్టు. నాకు మాత్రం ఆ ముగింపు నచ్చింది. పెద్ద మేధావి అనుకున్నది, స్పెల్లింగ్ రాని సోమరిపోతు అని తేలడం నిజానికి దగ్గరగా ఉంది.

అక్కా, ఒక్కటి అడుగుతాను. ఈసారి నేరస్థుడు తెలివైనవాడై, కావాలనే ఇంకొకరి తప్పును తన రాతలో పెడితే? అప్పుడు మీ పద్ధతి పనిచేస్తుందా?

మొదటి జవాబు రాసినవారు:

పనిచేస్తుంది తమ్ముడూ, కొంతవరకు. పక్కవాడి తప్పును అరువు తెచ్చుకున్నవాడు దాన్ని ప్రతిచోటా పెడతాడు. సహజంగా తప్పు చేసేవాడు అలా చేయడు. ‘చేసాడు’ అని రాసే మనిషే తొందరలో లేనప్పుడు ‘చేశాడు’ అని కూడా రాస్తాడు, ఒకే పేజీలో రెండూ ఉంటాయి. ప్రూఫుల్లో రోజూ చూసేది అదే. కాబట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకే తప్పు ఒక్కసారి కూడా తప్పిపోకుండా కనిపిస్తే నేను ఆ కాగితాన్నే ముందు అనుమానిస్తాను. తర్వాత వాక్యాల పొడవు చూస్తాను, కామాలు ఎక్కడ పెట్టాడో చూస్తాను. తప్పును అరువు తెచ్చుకున్నవాడు ఎదుటివాడి కామాల్ని కూడా తెచ్చుకోవాలని అనుకోడు. నువ్వు కథ రాసేటట్టయితే ఆ మెసేజులు నాకు ఒకసారి పంపు, రెండు చేతుల రాతలా అనిపిస్తున్నాయో లేదో చూసి చెబుతాను.