అకాడియా నేషనల్ పార్క్ క్యాంపింగ్: ఎవరెవరు ఏం తెస్తున్నారు? (ఈ రాత్రికే చెప్పండి; గ్రూప్‌లో పేర్లకు బదులు ఊరి పేర్లు)

పుత్తూరు: శుక్రవారం తెల్లవారి 4కి బయలుదేరాలి, ఇంకా సగం పనులకు పేర్లే లేవు. సంగటి, ఊరిబిండి, పిల్లల స్వెట్టర్లు, మందుల డబ్బా ఎవరిదో రాయండి. కట్టెలు మాత్రం ఎవరూ వేసుకుని రావద్దు, పురుగు వస్తుందని అమెరికాలోని మేన్ రాష్ట్రంలోకి బయటి కట్టెలు రానీయరు, అక్కడే కొందాం.

పలమనేరు: సంగటి, ఊరిబిండి నావి.

పీలేరు: అవన్నీ తర్వాతన్నా. మోటార్‌హోమ్ (లోపలే పడుకునే బండి) అద్దెకిచ్చేవాళ్లు ఫోన్ చేసినారు. మనకు రాసిన 30 అడుగులది రిపేరంట, అదే రేటుకు 38 అడుగులది ఇస్తామంటే పెద్దదే కదా అని సరే అనేసినా. ఇప్పుడు చూస్తే మనం దిగే బ్లాక్‌వుడ్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో 35 అడుగులు దాటిన బండి పెట్టనీయరు. అడిగి చూసినా, కుదరదన్నారు.

పుత్తూరు: చూడకుండానే సరే అంటావా? 14 మంది ఎక్కడికి పోవాలి?

పీలేరు: నాలుగు రోజులుగా ఫోన్లన్నీ నేనే చేస్తున్నా. పొడవెంత అని మీలో ఒక్కరైనా అడిగినారా?

పలమనేరు: ఇద్దరూ ఆపండప్పా. స్కూడిక్ వుడ్స్‌లో పెద్ద బండ్లకు కరెంటుతో సహా చోటుంది కదా?

పీలేరు: ఖాళీ లేదు వదినా. పైగా అది మనం దిగే దీవిలో కాదు, అవతలి గట్టున.

చంద్రగిరి: తిరుపతిలో పెళ్లిపనుల మధ్య ఇప్పుడే చూసినా. ఆ 38 అడుగులది వద్దేవద్దు. స్టాన్లీ బ్రూక్ రోడ్డులో రాతి వంతెన కింద ఎత్తు 10 అడుగుల 4 అంగుళాలే, కాడిలాక్ కొండ మీదికి మోటార్‌హోమ్‌లను ఎక్కనీయనే ఎక్కనీయరు. తిరుమల ఘాట్‌లో బస్సు తోలిన మా మామైనా దాన్ని అక్కడ తిప్పలేడు. మనం తీసుకున్న మూడు చోట్లలో ఒక్కోదాంట్లో 6 మంది ఉండొచ్చు, టెంట్లు వేసేయండి. నా గ్యారేజీలో రెండున్నాయి, కోడ్ విడిగా పంపుతా.

పుత్తూరు: మా నాయన మోకాళ్లతో నేల మీద పడుకుంటాడా?

పలమనేరు: మా ఆఫీసాయనకు 24 అడుగుల మోటార్‌హోమ్ ఉంది, గ్యాస్ కొట్టించుకుంటే చాలన్నాడు. పెద్దవాళ్లు అందులో, మనం టెంట్లలో. దీవిలో తిరిగేదానికి ఐలాండ్ ఎక్స్‌ప్లోరర్ బస్సులు ఊరికే ఎక్కొచ్చు.

పుత్తూరు: బతికించినావు చెల్లెమ్మా. పీలేరు, టెన్షన్‌లో అనేసినాలే.

పీలేరు: సరేలే అన్నా. అడ్వాన్సు కోసం రేపు వాళ్లతో కొట్లాడేది మాత్రం నువ్వే. అన్నట్టు బ్లాక్‌వుడ్స్‌లో షవర్లు లేవు, బయట డబ్బులిచ్చి చేయాలి, చిల్లర పెట్టుకోండి.

పలమనేరు: ఆ చిన్న బండిలో సంగటి కెలకడం నా వల్ల కాదు, పులిహోర కలుపుకొస్తా. ఊరిబిండి ఉంటుంది.