'ఆరిస్ రూట్': వేరు అనాలా, కొమ్ము అనాలా?

సెంట్ల తయారీ నేర్చుకుంటున్న మా మేనకోడలు మొన్న అడిగింది: "మామయ్యా, నోట్సులో ఆరిస్ రూట్ అని ఉంది, తెలుగులో ఏమని రాసుకోను?" ఆ సెంటు సరుకు ఐరిస్ అనే పూల మొక్క నుంచి వచ్చేది కనుక, ఐరిస్ వేరు అని వెంటనే చెప్పేశాను. తర్వాత పూర్ణా మార్కెట్‌లో వసకొమ్ము కొంటుంటే తప్పు చెప్పానని తట్టింది.

ఐరిస్‌లో ఒక రకానికి తెల్లని పూలు, ఫ్లోరెన్స్ ఊరి పేరే దానికి ఉంది. ఇంకో రకానివి లేత ఊదా పూలు. పూలు ఎంత బాగున్నా, ఈ సరుకు పువ్వులోంచి రాదు. మట్టిలో అడ్డంగా పాకే లావుపాటి కాండం నుంచి వస్తుంది. మొక్కను రెండు మూడేళ్లు పెంచి, దాన్ని తవ్వి, తొక్క తీసి ఎండబెడతారు. పచ్చిగా ఉన్నప్పుడు దానికి వాసన దాదాపు ఉండదు. ఎండిన ముక్కల్ని ఏళ్ల తరబడి నిల్వ ఉంచితే, లోపలి పదార్థాలు గాలి తగిలి మెల్లగా మారి, ఐరోన్‌లు అనే వాసననిచ్చే పదార్థాలు తయారవుతాయి. అప్పుడు వయొలెట్ పూలను తలపించే మెత్తని, పౌడరు లాంటి వాసన వస్తుంది. ఆవిరి పట్టి తీస్తే వచ్చేది కూడా నూనెలా ఉండదు, వెన్నలా గడ్డకడుతుంది. టన్ను ముక్కలకు సుమారు 2 కిలోలే! ఇంత ఓపికతో చేసే వస్తువుకి సరైన మాట ఉండాలని నా పట్టుదల.

ఇలా భూమిలో పాకే కాండాన్ని మనవాళ్లు వేరు అనలేదు. పసుపు కొమ్ము, శొంఠి కొమ్ము, వసకొమ్ము అన్నారు. వట్టివేరు మాత్రం నిజంగా వేరే కనుక అలాగే పిలిచారు. ఇంగ్లీషులో రూట్ అన్నారని మనం ఆ తేడాను పోగొట్టుకోవడం ఎందుకు? నా ఓటు 'ఐరిస్ కొమ్ము'కే.

జవాబు: ఆకులు కూడా వస ఆకుల్లా కత్తుల్లాగే ఉంటాయి కదండీ. 'తెల్ల వస' అంటే ఇంకా అందంగా ఉండదూ?

నా జవాబు: వినడానికి బాగుందండీ, కానీ ఒప్పుకోలేను. అది వేరే మొక్క. మన ఇళ్లలో పసిపిల్లలకు వస అరగదీసి నాకిస్తారు. పేరు కలిస్తే సరుకు కూడా కలిసిపోతుందని నా భయం.

జవాబు: మాది పాడేరు వైపు, పసుపు పండిస్తాం. మా ఇంట్లో తవ్వినప్పుడు దుంప అంటాం. ఉడకబెట్టి ఎండబెట్టాకే కొమ్ము.

నా జవాబు: నేను గమనించని సంగతి చెప్పారు, చాలా సంతోషం! అల్లం కూడా ఎండి శొంఠి అయ్యాకే కొమ్ము అవుతుంది కదా. ఐరిస్‌కి వాసన పుట్టేదీ ఎండాకే. అయితే తోటలో ఉన్నది ఐరిస్ దుంప, సెంటుకి వెళ్లేది ఐరిస్ కొమ్ము. మేనకోడలికి ఈ రాత్రే ఫోన్ చేసి రెండూ రాసుకోమంటాను.