మావయ్యగారికి అల్జీమర్స్, స్పీచ్ థెరపీ వల్ల ఉపయోగం ఉంటుందా?

కోనసీమ కోడలు:
అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మావయ్యగారికి 74 ఏళ్లు, అల్జీమర్స్ అని కాకినాడలో న్యూరాలజిస్టు గారు చెప్పి ఏడాది దాటింది. కొబ్బరికాయల వ్యాపారం చేసిన మనిషి, దింపు వాళ్లతో, లారీ వాళ్లతో పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉండేవారు. ఇప్పుడేమో ప్రతిదీ "అది, ఆ అది" అంటారు, మనకి అర్థం కాకపోతే కోపం వచ్చేసి అరుగు మీదకెళ్లి కూర్చుండిపోతారు. ఈసారి చెకప్‌లో డాక్టరు గారు స్పీచ్ థెరపీ రాశారు. మా ఆయనేమో అది మాటలు రాని పిల్లలకి, పక్షవాతం వచ్చినవాళ్లకి కదా, ఈయనకి ఇవాళ నేర్పింది రేపు గుర్తుంటుందా అంటున్నారు. నాకూ అదే అనుమానం. పైగా మావయ్యగారికి కారు పడదు. ఎవరైనా చేయించారా?

రాజమండ్రి స్పీచ్:
నేను స్పీచ్ థెరపిస్టునండి. మీవారు అడిగింది న్యాయమే. పోయిన మాటలన్నీ తిరిగొస్తాయని ఎవరైనా చెప్తే అక్కడ డబ్బు కట్టకండి, ఈ జబ్బు ముందుకే వెళ్తుంది. మేం చేసేది, ఆయనకి రోజూ తప్పనిసరైన కొద్ది విషయాలు నిలబెట్టడం. "కళ్లజోడు ఎక్కడుంటుంది?" అని అడిగి జవాబు మనమే చెప్పి, వెంటనే ఆయనచేత చెప్పిస్తాం, అర నిమిషం ఆగి మళ్లీ అడుగుతాం, తర్వాత నిమిషం, రెండు, నాలుగు ఇలా గ్యాప్ పెంచుకుంటూ పోతాం, తప్పితే సరైనది చెప్పేసి వెనకటి గ్యాప్‌కి వస్తాం. స్పేస్డ్ రిట్రీవల్ అంటారు. అలవాటుగా నేర్చుకునే శక్తి జ్ఞాపకం కంటే ఎక్కువ కాలం మిగులుతుంది కాబట్టి చాలామందికి పనిచేస్తుంది. "ఆలోచించి చెప్పండి" అని మాత్రం ఒత్తిడి పెట్టకండి, తప్పు చెప్తే ఆ తప్పే నాటుకుపోతుంది.

ముందు చెవి పరీక్ష చేయించారా? గులిమి పేరుకుని వినపడకపోయినా మతిమరుపు ఖాతాలోనే వేసేస్తారు. ఇంకోటి, మొదట తగ్గింది జ్ఞాపకమా, మాటా? మాటే ముందు పోతే అది ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేషియా, అంటే ముందుగా భాషే మెల్లగా తగ్గిపోయే జబ్బు కావచ్చు, అందులో మాటల సాధనకి విలువ ఎక్కువ.

పాలకొల్లు అబ్బాయి:
మా అమ్మకి చేయించామండి. థెరపిస్టు అమ్మకంటే మాకే ఎక్కువ క్లాసు పీకారు. వచ్చిన ప్రతి చుట్టమూ "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టేవారు, అది మాన్పించాం. ఇప్పుడు గుమ్మంలోనే "పిన్నీ, నేను మొగల్తూరు చిన్నక్క కొడుకుని" అని వాళ్లే చెప్పుకోవాలి. ఏం తింటావు అని అడగం, ఇడ్లీ, ఉప్మా రెండూ చూపించి ఏది కావాలంటాం. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ఒక్క మాట అడిగి ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే మా ఇంట్లో ఎవరివల్లా కాలేదు! ఫొటోల పుస్తకం కూడా కుట్టాం, పాత ఇల్లు, పెళ్లి, అంతర్వేది తీర్థం, కింద పెద్ద అక్షరాలతో ఒక్కో వాక్యం. పేర్లు తట్టకపోయినా చదివేస్తుంది. మీ మావయ్యగారికైతే దింపు, ఒలుపు, లారీ లోడింగు ఫొటోలు పెట్టండి. కాయ ధర పాతికేళ్ల కిందటిది చెప్తారు, చెప్పనివ్వండి.

గోదారి గట్టు:
దండగండి. మా నాన్న హెడ్మాస్టరు చేసిన మనిషి, ఆయనకి ఆపిల్, బాల్ బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నారు. సిగ్గుపడి మళ్లీ రానన్నారు.

రాజమండ్రి స్పీచ్:
అలాంటి చోట నేనూ లేచి వచ్చేస్తాను. స్పీచ్ థెరపిస్టుల్ని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా, డిమెన్షియావాళ్లని, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులవాళ్లని చూశారా, ఇంట్లోవాళ్లకి నేర్పుతారా, ఫోన్లోనే అడిగేయండి.

కోనసీమ కోడలు:
ఆయ్, థాంక్సండి. ముందు మతిమరుపే వచ్చింది. చెవి ఎవరూ చూడలేదు. సంబంధం ఉందో లేదో గానీ, ఈమధ్య మంచినీళ్లు తాగుతుంటే తరచూ పొలమారుతోంది.

రాజమండ్రి స్పీచ్:
ఉందండి, మింగడం చూసేది కూడా మేమే. అయితే మాటల సంగతి తర్వాత, ఈ వారమే తీసుకెళ్లండి. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. ఈలోపు నిటారుగా కూర్చోబెట్టి చిన్న గుక్కలే ఇవ్వండి, తాగేటప్పుడు పలకరించకండి, తిన్న వెంటనే పడుకోబెట్టకండి. జ్వరం గానీ ఆయాసం గానీ ఉంటే నేరుగా ఆసుపత్రికే. సులువుగా మింగడానికని నీళ్లలో కలిపి చిక్కబరిచే పొడులు సొంతంగా మొదలుపెట్టొద్దు. ఒకసారి నేరుగా చూశాక, మీకు నేర్పే భాగం చాలావరకు వీడియో కాల్‌లో అయిపోతుంది, ఆయన్ని ప్రతిసారీ కారెక్కించక్కర్లేదు.