నీవు అసి వైచియా, నీ వసి వైచియా?

ఓరుగల్లు బిడ్డ:
నిన్న పొద్దున హనుమకొండలో మా ఇంట్ల పాలు పలిగినయి. గిన్నెలో తరకలు తరకలుగా తేలుతుంటే "పసులున్ విరిగినవి తిక్క, పాలున్ విరిగెన్" అని నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. మా తాత మాట అది. మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. పాలు పలిగిన ప్రతిసారీ నాయనమ్మను ఉడికించడానికి ఇదే అనేవాడు. నెల్లూరు రాజు మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన ఓడి ఇంటికొస్తే తల్లి ప్రోలమ్మ దెప్పిన పద్యమని మీకందరికీ తెలుసు, ఆ కథ వద్దు. నాకు కొరుకుడు పడనిది మూడో పాదం. "వసివైచి విరిగి వచ్చిన" అని చెవిలో ఉండిపోయింది. ఏమిటీ వసి? పువ్వు వసివాడింది అంటామే, ఆ వసేనా?

యడాగమం:
వసీ లేదు గిసీ లేదు. రెండో పాదం చివర 'నీ' ఉంది, దాన్ని కోసేసి చదువుతున్నారు. "పందక్రియన్ నీ / వసివైచి". నీవు + అసి, ఉత్వసంధి. అసి అంటే కత్తి, దాన్ని పిరికిపందలా పారేసి వచ్చావని. కంద పద్యంలో మాట పాదం దాటడం కొత్తేమీ కాదు.

మానేరు ఒడ్డు:
అంత గట్టిగా కొట్టిపారేయకండి సార్. వసి అంటే మొనదేల్చిన కొయ్య, వాడి అనీ అర్థం చెప్పుకోవచ్చు. "నీ వసి వైచి" అంటే నీ పదును పోగొట్టుకుని అని. ఖడ్గం ఇంటిపేరులా అతుక్కుపోయిన మనిషిని పట్టుకుని కత్తి పడేశావంటే అది వార్త. పదును పోయిందంటే దెప్పు. కన్నతల్లి ఏది అంటుందో మీరే చెప్పండి. 'వసివాడు'లో ఉన్నదీ ఈ వసే అని నా అనుమానం, మొన వాడిపోవడం.

అరసున్న:
ఆ వ్యుత్పత్తి పూర్తిగా మీ సొంతం, మీ దగ్గరే ఉంచుకోండి :)
అసలు నేను నేర్చుకున్న పాఠంలో వసీ లేదు, అసీ లేదు. "మసిపుచ్చక విఱిగివచ్చు మగపందక్రియన్ / గసవున్ మేయఁగఁ బోయిన / పసులున్ విఱిగినవి". కసవు, అంటే గడ్డి. గడ్డి మేయబోయిన పసులు కూడా నీలాగే తిరిగొచ్చాయిరా అని. అన్నిటా ప్రాస స-కారమే కాబట్టి ప్రాసను అడిగి లాభం లేదు.

యడాగమం:
గణాలను అడిగి చూశాను. రెండు పాఠాలకూ 'పందక్రియన్' దగ్గరే పీటముడి. 'క్రి' ముందున్న 'ద'ను గురువు చేస్తే ఒక మాత్ర మిగిలిపోతుంది, తేల్చి పలికి లఘువుగా ఉంచితేనే కందం నిలబడుతుంది. పంద తెలుగు, క్రియ సంస్కృతం, మధ్యలో ఊనిక పడదు కాబట్టి సరిపోతుంది. కానీ ఆ వెసులుబాటు ఇద్దరికీ కావాలి, కాబట్టి అదీ తేల్చదు. అయినా నా ఓటు అసికే.

కరీంనగర్ టీచరమ్మ:
నా ఓటు గడ్డికి. ఆ కొట్లాట వచ్చిందే మేత మీద కదా. మనుమసిద్ధి బీళ్ళలో కాటమరాజు మందలు మేశాయి, పుల్లరి, అంటే మేత పన్ను, దగ్గర పేచీ వచ్చింది. పసులు ఆ పద్యంలోకి ఊరికే రాలేదు.
ఇంకో సంగతి. ఇది క్లాసులో చెప్పినప్పుడు పిల్లలకు శ్లేష అస్సలు ఎక్కలేదు. మా దిక్కు పాలు విరగవు, పలుగుతాయి. "పలిగి వచ్చినవా కొడకా" అంటే ఏమన్నట్టు? బోర్డు మీద విరుగు అని రాసి, కొమ్మ విరుగుడు, సేన విరుగుడు, పాలు విరుగుడు అని మూడు గీతలు గీసేసరికి బెల్లు కొట్టారు. అప్పుడు వెనక బెంచీ పిల్లాడొకడు లేచి "ఓడిపోయి వచ్చినోనికి అన్నం పెట్టరా మేడం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మానేరు ఒడ్డు:
వాడే అసలు పాఠకుడు మేడం. ఇంట్లో కూర్చున్నవాళ్ళకు పౌరుషం ఎక్కువ, కొట్లాటకు పోయినవాళ్ళు వేరేలా రాశారు. క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దపు గ్రీకు సిపాయి ఆర్కిలోకస్ ఉన్నాడు. డాలును పొద పక్కన వదిలేసి పారిపోయి వచ్చాను, ప్రాణం దక్కింది, పోతే పోయింది, అంతకు తక్కువ కాని డాలు ఇంకోటి కొనుక్కుంటా అని నవ్వుతూ పద్యం కట్టాడు. అసి వైచి వచ్చినవాడి మాట అట్లా ఉంటుంది. రోమన్ కవి హోరేస్ కూడా ఫిలిప్పీ యుద్ధంలో డాలు వదిలేసి వచ్చానని తనే రాసుకున్నాడు. దేశం కోసం చావడం తీయన, తగిన పని అన్నదీ ఆయనే, అది వేరే తమాషా. 19 వందల ఏళ్ళు గడిచాక, మొదటి ప్రపంచ యుద్ధంలో విల్‌ఫ్రెడ్ ఓవెన్ అనే ఇంగ్లీషు సిపాయి విషవాయువుకు ఊపిరాడక చచ్చేవాణ్ణి కళ్ళారా చూసి, ఆ లాటిన్ వాక్యాన్నే పాత అబద్ధం అన్నాడు. ఆ కవిత చిత్తుప్రతిలో ఎవరికి అంకితమిచ్చాడో తెలుసా? ఇంట్లో కూర్చుని యువకులను యుద్ధానికి ఉసిగొల్పే పద్యాలు రాసిన జెస్సీ పోప్‌కు. మన ప్రోలమ్మ అక్కడ కూడా ఉంది.

అరసున్న:
బాగుంది, కానీ మీ సిద్ధాంతానికి జూలియన్ గ్రెన్‌ఫెల్ అడ్డం వస్తాడు. అదే యుద్ధంలో, కందకాల్లో నిజంగా కొట్లాడినవాడే, మెడల్ కూడా తెచ్చుకున్నాడు. యుద్ధం పెద్ద పిక్నిక్‌లా ఉందని ఇంటికి ఉత్తరం రాశాడు. పోరులో చచ్చినవాడికి బతుకు పెరుగుతుందన్నట్టు కవిత రాసి, 1915 మేలో గాయాలతో పోయాడు. రూపర్ట్ బ్రూక్‌ను మీ లెక్కలో వేసుకోండి, కాదనను. మట్టిలో తన దేశం మిగులుతుందని గొప్పగా రాసినవాడు కొట్లాట పెద్దగా చూడకుండానే 1915 ఏప్రిల్‌లో ఓడలో రక్తం విషమై చనిపోయాడు. చూసినవాళ్ళంతా ఒకటే రాశారనడం మాత్రం కుదరదు.
ప్రోలమ్మను కూడా వదిలేయండి. ఆ మాట ఆమే అందో, ఏ మగకవి ఆమె నోట్లో పెట్టాడో. చాటువులకు జనన ధ్రువపత్రాలు ఉండవు.

మాజీ హవల్దార్, జగిత్యాల:
పద్యాలు నాకంతగా రావు, చదువుతూ ఉంటాను. కానీ సిపాయిగా ఒక మాట. వెనక్కి రావడం తప్పు కాదు. దానికీ పద్ధతి ఉంటుంది, నేర్పిస్తారు, ఎవరు ముందు కదలాలి, ఎవరు కవర్ ఇవ్వాలి అన్నీ ఉంటాయి. రైఫిల్ పోగొట్టుకుని రావడం వేరు. అది పెద్ద నేరం, ఎంక్వైరీ తప్పదు. రాత్రి పడుకున్నా దాని పట్టీ చేతికి చుట్టుకునేవాళ్ళం. కాబట్టి ఆ తల్లికి సైన్యం సంగతి తెలిసే ఉంటే అసి అనే అని ఉంటుంది. ఓడిపోయినందుకు కాదు, కత్తి వదిలినందుకు తిట్టింది.

యడాగమం:
హవల్దార్ గారికి దండం. నాలుగు నిఘంటువులు చేయలేని పని చేశారు.

కరీంనగర్ టీచరమ్మ:
సార్ చెప్పింది బాగుంది. కానీ నాకు ఇప్పుడు అసి కన్నా 'విరిగి' మీదే మనసుపోతోంది. ఓవెన్ 1917లో షెల్ షాక్‌తో ఆసుపత్రిలో పడ్డాడు. మన భాషలో అయితే విరిగి వచ్చాడు అనాలి కదా. మనసు విరిగింది అంటాం, మనిషి విరిగిపోయాడు అంటాం. ఆయన కూడా తిక్కనలాగే మళ్ళీ పోయాడు, పోయి 1918 నవంబర్ 4న చనిపోయాడు, యుద్ధం ఆగడానికి వారం ముందు. తంతి వాళ్ళమ్మకు చేరేసరికి ఊళ్ళో సంధి గంటలు మోగుతున్నాయట. పాలు విరిగాయని దెప్పిన తల్లికి ఆ తర్వాతి కబురు ఎట్లా చేరిందో ఏ చాటువూ చెప్పదు.

మానేరు ఒడ్డు:
అదే నా బాధ. దెప్పిన పద్యం మిగిలింది, తిక్కన జవాబు మిగల్లేదు. తెలుగులో యూనిఫాం వేసుకున్న కవే లేకుండా పోయాడు.

అరసున్న:
ఎందుకు లేడు, ఆరుద్ర! 1943 నుంచి 47 దాకా ఎయిర్‌ఫోర్సులో ఉన్నాడు. బయటికొచ్చాక రాసిన త్వమేవాహం కావ్యం మన తెలంగాణ గురించే, రజాకార్ల రోజుల గురించి. మానేరు ఒడ్డున ఉండి ఆ మాట అనడం మీకు న్యాయం కాదు.

ఓరుగల్లు బిడ్డ:
"నువ్వెక్కవలసిన రైలు ఎప్పుడూ ఒక జీవితకాలం లేటు" అందులోదే కదా? కాజీపేట జంక్షన్‌లో నిలబడి చదవాల్సిన లైను.

యడాగమం:
"ఎక్కదలచుకున్న".

ఓరుగల్లు బిడ్డ:
"ఎక్కవలసిన" అనే గుర్తు.

యడాగమం:
దలచుకోవడం వేరు, వలసి రావడం వేరు. రైలు ఎవరి ఇష్టం మీద ఆలస్యమైందన్నదే కవిత.

మానేరు ఒడ్డు:
యడాగమం గారు కవిత్వంలో కూడా సంధి విడదీస్తారు.

ఓరుగల్లు బిడ్డ:
నా ప్రశ్న దగ్గరికి వస్తే, ఇందాక సిద్దిపేటలో ఉన్న పెద్దనాన్నకు ఫోన్ చేశాను. తాతకు మొత్తం పద్యం రాదట, ఎప్పుడూ చివరి పాదమే అనేవాడట. మరి ఆ వసి నా చెవిలోకి ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావడం లేదు. తాత ఏ యుద్ధానికి పోయాడని అడిగితే, ఆ సంగతి ఇంట్ల ఎప్పుడూ తీయలేదురా అన్నాడు.

అరసున్న:
పొద్దటి నుంచి చెప్పాలనుకుంటున్నా. విఱిగెన్‌లో ఉండాల్సింది బండి ఱ. మొదటి పోస్టులో మీరు మామూలు ర వేశారు.